నొక్కిపట్టిన గుడ్డ ఎత్తి చూశాను, అతని చావుకి నేనే కారణమా?

పేరూ ఊరూ రాయొద్దంటూ ఒక పాఠకుడు పంపిన తొమ్మిది పేజీల ఉత్తరం ఇది. అంతా అచ్చువేసే వీల్లేదు కనుక సంగతి నా మాటల్లో చెబుతాను.

నాలుగు నెలల కిందట ఒక రాత్రి పదకొండు దాటాక ఈయన, భార్య, తొమ్మిదేళ్ల కొడుకు కారులో ఇంటికి వస్తున్నారు. మలుపు తిరగ్గానే రోడ్డు మధ్యలో బైకు పడి ఉంది. దానికి పదడుగుల దూరంలో ఒక కుర్రాడు, ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయి. గుద్దిన బండి జాడ లేదు. వీళ్ల ముందు వెళ్తున్న రెండు కార్లు, ఒక వ్యాను కట్ కొట్టుకుని వెళ్లిపోయాయి. ఈయన ఆపారు. భార్య అంబులెన్స్‌కి ఫోన్ చేస్తుంటే ఈయన దిగి, ఆ మలుపులో ఏ లారీ వచ్చి మీదెక్కేస్తుందోనన్న భయంతో, కుర్రాడి చంకల కింద చేతులేసి రోడ్డు పక్కకి లాగారు. కుడి తొడ నుంచి రక్తం కారుతోంది. కారులో ఉన్న టవల్ మడతపెట్టి ప్యాంటు మీద నుంచే నొక్కారు. ఆగిందో లేదో చూద్దామని ఎత్తారు. మళ్లీ నొక్కారు. "మొత్తం నాలుగుసార్లు ఎత్తాను. లెక్క గుర్తుంది. మొదటిసారి ఎత్తినప్పుడు రక్తం ఇంకాస్త కింద నుంచి వస్తోందని కనిపిస్తే టవల్ అక్కడికి జరిపాను. మూడోసారి మా బాబు ఏడుస్తూ కారు తలుపు తీసుకుని దిగబోతుంటే ఆపడానికి చెయ్యి తీశాను" అని రాశారు. ఈలోగా ఆగిన ఇంకో ఆయన సీసాతో కుర్రాడి నోట్లో నీళ్లు పోశాడు. ఈయన వద్దనలేకపోయారు. కుర్రాడు తెలివిలోనే ఉన్నాడు. "అమ్మకి చెప్పకండి, కంగారు పడుతుంది" అని రెండుసార్లు అన్నాడు. అంబులెన్స్ ఇరవై ఐదు నిమిషాలకి వచ్చింది. తెల్లవారుజామున ఆసుపత్రిలో చనిపోయాడని, మర్నాడు పోలీసులు వివరాల కోసం ఫోన్ చేసినప్పుడు తెలిసింది.

పది రోజుల తర్వాత ఆ కుర్రాడి అన్న ఫోన్ చేశాడు. "మా తమ్ముడి దగ్గర ఉన్నది మీరేనట కదా అండీ" అంటే, ఈయన "రాంగ్ నంబర్" అని పెట్టేశారు. ఇంకో నెలకి ఒక ప్రథమ చికిత్స వీడియోలో "నొక్కిన గుడ్డ ఎత్తి చూడకూడదు" అన్న మాట విన్నారు. అప్పటి నుంచి నిద్ర లేదు. విషయం బావమరిదితో చెప్పుకుంటే, "అసలు కదిలించకుండా ఉంటే బతికేవాడేమో బావా" అన్నాడు. భార్య ఇకమీదట ఎక్కడా ఆపొద్దని, కేసుల్లో ఇరుక్కుంటామని ఒట్టు వేయించుకుంది. కొడుక్కేమో ఆ అన్నయ్య బాగైపోయి ఇంటికెళ్లాడని చెప్పారు. వాడు బళ్లో "మా నాన్న, నేను ఒకతన్ని బతికించాం" అని అందరికీ చెప్పుకున్నాడు.

ఈయన అడుగుతున్నవి ఇవి: నా వల్లే పోయాడా? ఆ కుటుంబాన్ని కలవాలా? బాబుకి నిజం చెప్పాలా? మళ్లీ ఎప్పుడైనా ఇలాంటిది ఎదురైతే ఆపాలా, వద్దా?

ఇక మీతోనే మాట్లాడతాను.

నేను చాలా ఏళ్లు ఎమర్జెన్సీ వార్డులో నర్సుగా పనిచేశాను. ఇప్పుడు ప్రథమ చికిత్స తరగతులు చెబుతున్నాను. అందుకని మీ చేతి సంగతితోనే మొదలుపెడతాను, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది అదే కాబట్టి.

గుడ్డ ఎత్తి చూడటం తప్పే. కాదని మిమ్మల్ని ఓదార్చొచ్చు. కానీ మీరు నమ్మరు, ఆ తర్వాత నేను చెప్పే మిగతా మాటలు కూడా నమ్మరు. రక్తనాళం తెగిన క్షణం నుంచే శరీరం దాన్ని పూడ్చుకునే పని మొదలుపెడుతుంది. ప్లేట్‌లెట్లు వచ్చి తెగిన అంచుల దగ్గర అతుక్కుంటాయి. వాటి చుట్టూ ఫైబ్రిన్ అనే సన్నని పోగులు వలలా అల్లుకుంటాయి. ఆ వల గట్టిపడటానికి కొన్ని నిమిషాలు పడుతుంది, అంతసేపూ రక్తం ఉరవడి తగ్గించి దానికి సాయపడేది మన చేతి బరువే. మధ్యలో గుడ్డ ఎత్తితే అప్పుడప్పుడే కడుతున్న లేత గడ్డ గుడ్డతో పాటే ఊడి వస్తుంది. అందుకే గుడ్డ తడిసిపోయినా తీయకుండా దానిమీదే ఇంకొకటి వేసి, ఇంకా గట్టిగా నొక్కమని నేర్పుతాం.

అయితే మీరు ఎత్తిన నాలుగుసార్లూ ఒకటి కాదు. మొదటిసారి ఎత్తి, రక్తం ఎక్కడి నుంచి వస్తోందో చూసి, టవల్ అక్కడికి జరిపారు. అది తప్పు కాదు, చేయాల్సిన పని. సరైన చోట పడని ఒత్తిడి ఎంత గట్టిగా ఉన్నా ఉపయోగం లేదు. నేను పక్కనుంటే ప్యాంటు చించి, గాయాన్ని కళ్లతో చూసి నొక్కమనేదాన్ని. మూడోసారి మీ బాబు కోసం తీశారు. లారీలు తిరిగే మలుపులో, చీకట్లో, తొమ్మిదేళ్ల పిల్లాడు రోడ్డు మీదకి దిగబోతుంటే మీరు చెయ్యి తీయకుండా ఉండాల్సిందని చెప్పే మనిషి ఎవరైనా ఉంటే నాకు చూపించండి. మిగిలినవి రెండు. ఆ రెండే, ఆగిందో లేదో తెలుసుకోవాలని ఎత్తినవి.

మా తరగతిలో ఒక రబ్బరు కాలు ఉంటుంది. దాని తొడలో కోసిన గాటు, లోపల ఒక గొట్టం. గొట్టంలోకి ఎర్రరంగు కలిపిన నీళ్లు పంపు కొడుతుంటాను. ఒకరిని మోకాళ్ల మీద కూర్చోబెట్టి, గుడ్డ ఇచ్చి, ఐదు నిమిషాలు చెయ్యి తీయొద్దంటాను. గోడ గడియారంలో ముల్లు ఒక చుట్టు తిరగకముందే చూపుడువేలు మెల్లగా లేస్తుంది. గుడ్డ అంచు పైకి వస్తుంది. అందులోంచి తొంగిచూస్తారు. తీయొద్దని నేను చెప్పి నిమిషం కూడా కాలేదు. అది రబ్బరు కాలని తెలుసు. అయినా ఆ వేలు లేస్తుంది. చెయ్యి పని చేస్తోందో లేదో కంటికి తెలియాలి, తెలియకపోతే మనసు ఊరుకోదు. అందుకే నేను వాళ్లకి ఒక చిన్న ఉపాయం చెబుతాను: గుడ్డ వైపు చూడకండి, ఆ మనిషి ముఖం వైపు చూడండి, పేరు అడగండి, మాట్లాడిస్తూ ఉండండి. కంటికి వేరే పని దొరికితే చెయ్యి కదలదు. ఎవరూ చెప్పకుండా ఇది మీకు ఎలా తెలియాలి?

ఇక, దానివల్లే పోయాడా అన్నది. తొడలో పెద్ద ధమని తెగి, ఆపే చెయ్యి లేకపోతే కొద్ది నిమిషాల్లోనే ప్రాణం పోవచ్చు. పెద్ద మనిషి ఒంట్లో ఉండే రక్తం సుమారు 5 లీటర్లు. అందులో రెండు లీటర్లు దాటి పోయిందంటే పరిస్థితి చాలా ప్రమాదం. ఆ కుర్రాడు అంబులెన్స్ ఎక్కేటప్పుడు కూడా కళ్లు తెరిచే ఉన్నాడని రాశారు. తెల్లవారుజాము దాకా ఉన్నాడు. కంటికి కనిపించిన గాయం దగ్గర మీ చెయ్యి చాలావరకు పనిచేసిందనే నాకు అర్థమవుతోంది. కనిపించనివి వేరే ఉంటాయి. తొడ ఎముక విరిగితే, చర్మం చిట్లకపోయినా, కండరాల్లోకే ఒక లీటరు నుంచి లీటరున్నర దాకా రక్తం పోతుంది. కటి ఎముకలు విరిగితే ఇంకా ఎక్కువ. కాలేయం, ప్లీహం చితికితే పొట్టలోకి పోతుంది. ఆ వేగంతో రోడ్డు మీద పడ్డ మనిషికి ఇవన్నీ ఉండొచ్చు. వాటిని ఆపేది ఆపరేషన్ థియేటరే, పైనుంచి నొక్కే చెయ్యి కాదు. వార్డులో ఇలాంటివాళ్లని ఎంతమందిని చూశానో. బయట ఒక్క గాయం, లోపల అంతా రక్తం.

అసలు దేనివల్ల పోయాడో మీ ఉత్తరం చూసి నేను చెప్పలేను. అది పోస్ట్‌మార్టం రిపోర్టులో ఉంటుంది, ఆ రిపోర్టు కుటుంబం దగ్గర ఉంటుంది. అది తెలుసుకోవాలా వద్దా అన్నది మీ ఇష్టం. తెలుసుకుంటే తల, ఛాతీ, పొట్ట అని రాసి ఉండొచ్చు, మీ గుండెల మీద బరువు దిగొచ్చు. తొడ గాయం అని రాసి ఉండే అవకాశం కూడా ఉంది. అప్పుడు కూడా, అక్కడ మీరు ఆగకపోతే ఆ కుర్రాడికి ఆ కొన్ని గంటలు కూడా దక్కేవి కావన్నది మారదు. రెండోది చదివి తట్టుకోగలననే నమ్మకం వచ్చేదాకా అడగకండి.

మీ బావమరిది మాట గురించి ఎక్కువ చెప్పను. వెన్నుపూస దెబ్బతిని ఉండొచ్చు కాబట్టి ప్రమాదంలో పడ్డవాళ్లని కదిలించకూడదన్నది నిజమే, కానీ ఆ నియమం కన్నా ముందు ఇంకొకటి ఉంది: ఉన్న చోటే ప్రాణాపాయం ఉంటే కదిలించి తీరాలి. మంట, నీళ్లు, మీదకి వచ్చే బండ్లు. చీకటి మలుపులో రోడ్డు మధ్య పడి ఉన్నవాడికి అదే పరిస్థితి. చంకల కింద చేతులేసి, ఒళ్లు మెలిపడకుండా నిలువునా వెనక్కి లాగారు, మేం నేర్పేది కూడా అదే. కాళ్లూ చేతులూ చెరోవైపు పట్టుకుని ఎత్తి ఉంటే నేను వేరేలా రాసేదాన్ని. ఆయన ఆ మాట మిమ్మల్ని బాధపెట్టాలని అని ఉండరు. ఎక్కడో విన్నది అన్నారు. ఈసారి కలిసినప్పుడు మీరే చెప్పండి, ఆయనకి కూడా ఎప్పుడో పనికొస్తుంది.

నీళ్లు పోసింది మీరు కాదు. పోయకూడదు, ఎందుకంటే తెలివి తప్పుతున్న మనిషికి అవి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ఆపరేషన్‌కి మత్తు ఇచ్చేటప్పుడు వాంతి అయి ఊపిరాడకపోవచ్చు. రక్తం పోయినవాళ్లకి విపరీతంగా దాహం వేస్తుంది, అడుగుతారు, చూస్తూ ఉండటం కష్టం. పెదాలు తడి చేస్తే చాలు.

మీరు అడగని ఒక సంగతి. మీ చేతులకి అప్పుడు కోతలు, గీరుకుపోయిన చోట్లు ఉన్నాయా? గ్లౌజులు లేకుండా అంత రక్తం అంటింది కాబట్టి ఒకసారి డాక్టర్ని కలిసి హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ పరీక్షలు చేయించుకోండి. చర్మం చెక్కుచెదరకుండా ఉంటే అంటుకునే అవకాశం చాలా చాలా తక్కువ, భయపడాల్సిన పనిలేదు. నాలుగు నెలలు దాటాయి కాబట్టి ఇప్పుడు పరీక్ష చేస్తే చాలావరకు తెలిసిపోతుంది, మళ్లీ చేయించుకోవాలా అన్నది డాక్టర్ చెబుతారు. ఇకముందు ఎవరికైనా ఇలా జరిగితే ఆగకుండా ఆరోజే డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి.

నిద్ర సంగతి కూడా ఇక్కడే. కళ్లు మూస్తే టవల్ కనిపిస్తోందని, ఆ మలుపు రాకుండా ఆరు కిలోమీటర్లు చుట్టు తిరిగి ఆఫీసుకి వెళ్తున్నారని, వెనక నుంచి హారన్ కొడితే ఒళ్లంతా చెమట పడుతోందని రాశారు. అలాంటిది చూశాక మొదటి కొన్ని వారాలు ఎవరికైనా ఇలా ఉంటుంది. నెల దాటినా తగ్గకపోతే అది చికిత్స చేయాల్సిన విషయం. మీకు నాలుగు నెలలైంది. మానసిక వైద్యుడు గానీ, ఇలాంటి అనుభవాల మీద పనిచేసే క్లినికల్ సైకాలజిస్టు గానీ మీకు సాయం చేయగలరు. ఆ సంఘటన మీదే దృష్టి పెట్టి చేసే సీబీటీ (ఆలోచనల తీరు మార్చుకునేలా మాటలతో చేసే చికిత్స), ఈఎండీఆర్ (ఆ జ్ఞాపకాన్ని తలచుకుంటూ కళ్లు అటూ ఇటూ కదిలించే చికిత్స) అనే పద్ధతుల్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లోనే సిఫార్సు చేసింది. ఇప్పుడే వెళ్లనంటే వెళ్లొద్దు, నేను బలవంతం చేయలేను. కానీ అప్పటిదాకా నిద్రమాత్రలు సొంతంగా కొని వేసుకోవద్దు. మీ భార్యకి ఈ టవల్ సంగతి చెప్పలేదని రాశారు. కనీసం ఆమెకి చెప్పండి. ఆ రాత్రి ఆవిడ కూడా అక్కడే ఉంది, ఆవిడకి కూడా నిద్ర పడుతోందో లేదో మీ తొమ్మిది పేజీల్లో ఎక్కడా లేదు.

ఇక, మళ్లీ ఆపాలా వద్దా అన్నది. ఆపొద్దని ఒట్టు వేయించుకున్న మీ ఆవిడ మీద నాకు కోపం రావట్లేదు. ఆవిడ చూసింది వేరు. భర్త రోడ్డు మీద, కొడుకు తలుపు తీసుకుని రోడ్డు మీదకి, మలుపు వెనక లైట్లు. ఆ భయం సరైన భయం. మీరు ఆ రాత్రి చేసినదాంట్లో నన్ను నిజంగా కలవరపెట్టింది టవల్ కాదు, ఇది. కారు ఎక్కడ ఆపారు, రెండువైపులా ఇండికేటర్లు వెలుగుతున్నాయా, లోపల తలుపులు లాక్ అయ్యాయా, ఇవేవీ మీరు రాయలేదు.

అందుకని ఆపడం, ఆపకపోవడం అని రెండే దారులు పెట్టుకోకండి. మధ్యలో చాలా ఉన్నాయి. కారు ముందుకు పోనిచ్చి, మలుపు దాటాక సురక్షితమైన చోట ఆపి, స్పష్టంగా ఎక్కడో చెప్పి అంబులెన్స్‌కి ఫోన్ చేయడం కూడా సాయమే. పిల్లాడు వెంట ఉన్నప్పుడు అంతవరకే చేస్తానని మీరు అనుకుంటే దాన్ని నేను తప్పుపట్టను. కాకపోతే ఆ పది ఇరవై నిమిషాలు అతని దగ్గర ఎవరూ ఉండరు, ఆ సంగతి తర్వాత మిమ్మల్ని బాధించవచ్చు. ఇంకో అడుగు వేయదలిస్తే, ఒకరు కారులో పిల్లాడితోనే ఉండాలి, తలుపులు లాక్ చేసి, బెల్టులు పెట్టుకుని. దిగినవాళ్లు ముందు చేయాల్సింది వెనక నుంచి వచ్చే బండ్లకి తెలిసేలా చేయడం: ఇండికేటర్లు రెండూ, త్రికోణం గుర్తు, అది లేకపోతే టార్చి. ఆ తర్వాతే గాయపడ్డ మనిషి. మీ ఇద్దరూ ఇవన్నీ ఒకసారి కూర్చుని మాట్లాడుకుంటే ఆ ఒట్టు దానంతటదే సడలుతుందేమో. సడలకపోతే ఆవిడ కారులో ఉన్నప్పుడు ఆ మాట నిలబెట్టుకోండి.

ఆ రాత్రి ముందు వెళ్లిన మూడు బండ్ల మీద మీకు చాలా కోపం ఉంది. దాని గురించి ఒక మాట. 1968లో బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక ప్రయోగం చేశారు. విద్యార్థుల్ని వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి మైకుల్లో మాట్లాడించారు. మధ్యలో ఒకరికి మూర్ఛ వచ్చినట్టు గొంతు వినిపిస్తుంది. అది వింటున్నది తానొక్కడినే అనుకున్నవాళ్లలో 85 శాతం మంది, ఆ మూర్ఛ అయిపోయేలోపే లేచి సాయం కోసం వెళ్లారు. తనతో పాటు ఇంకో నలుగురు వింటున్నారని అనుకున్నవాళ్లలో 31 శాతమే. వెళ్లనివాళ్లు కఠినాత్ములేం కాదు, చేతులు వణుకుతూ కూర్చున్నారు. ఎవరో ఒకరు వెళ్తారులే అనుకున్నారు. దీన్నుంచి రోడ్డు మీద పనికొచ్చేది ఒకటుంది. గుంపు చేరినప్పుడు "ఎవరైనా ఫోన్ చేయండి" అనకండి. "నీలం చొక్కా వేసుకున్న ఆయనా, మీరు అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. చేశాక నాకు చెప్పండి" అనండి. నీళ్ల సీసా పట్టుకుని వచ్చినాయనకి కూడా అంతే, "మీరు ఆ మలుపు దగ్గర నిలబడి టార్చి ఊపండి" అని ఒక పని చెబితే నీళ్లు పోసేవాడు కాదు.

కేసుల భయం గురించి. సాయం చేసినవాళ్లని కాపాడే చట్టాలు చాలా దేశాల్లో ఉన్నాయి. జర్మనీలో అయితే చేయగలిగి కూడా సాయం చేయకపోతే అదే నేరం. భారతదేశంలో 2019లో మోటారు వాహనాల చట్టానికి 134ఏ సెక్షన్ చేర్చారు. మంచి మనసుతో అత్యవసర సాయం చేసేటప్పుడు పొరపాటు జరిగి, దానివల్ల గాయమైనా ప్రాణం పోయినా, సాయం చేసినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదని అది చెబుతుంది. మీ టవల్ కూడా ఆ మాటలోకే వస్తుంది. పోలీసులు వివరాలు అడిగారంటే మీ మీద అనుమానంతో కాదు, ఆ గుద్దిన బండి కోసం.

నేర్చుకోవాలనుకుంటే రెడ్ క్రాస్, సెయింట్ జాన్ అంబులెన్స్ లాంటి సంస్థలు తరగతులు పెడతాయి. వీడియోలు చూస్తే సగమే వస్తుంది. చేతికి ఆ బరువు తెలియాలి: రెండు అరచేతులు, మోచేతులు వంచకుండా, భుజాల బరువంతా దించి నొక్కడం. నొక్కినా ఆగకుండా చేతి నుంచో కాలి నుంచో రక్తం చిమ్ముతుంటే టూర్నికెట్ (రక్తం ఆగేలా బిగించి కట్టే పట్టీ) ఎక్కడ, ఎంత గట్టిగా కట్టాలో, కట్టిన టైము ఎందుకు రాసిపెట్టాలో కూడా చేతులతో చేసి నేర్చుకోవాల్సిందే. ఇప్పుడే ఆ రబ్బరు కాలు ముందు కూర్చోలేనంటే అది కూడా నాకు అర్థమవుతుంది. డాక్టర్ని కలిశాక వెళ్లండి.

బాబు విషయం మీరు రెండు పేరాల్లో తేల్చేశారు. నాకు అది ఉత్తరంలో అన్నింటికన్నా బరువైన చోటు.

చెప్పకుండా ఉండొచ్చు. తొమ్మిదేళ్లవాడు, మరిచిపోతాడు అనుకోవచ్చు. కానీ వాడు బళ్లో చెప్పుకున్నాడు. మీ బావమరిదికి తెలుసు. ఏదో ఒకరోజు భోజనాల దగ్గర ఎవరి నోటి నుంచో ఆ మాట జారుతుంది. అప్పుడు వాడికి ఒకేసారి రెండు తెలుస్తాయి, ఆ అన్నయ్య లేడని, నాన్న అబద్ధం చెప్పాడని. ఇంకా పెద్దయ్యాక చెబుదామని కూడా అనుకోవచ్చు. అప్పటిదాకా వాడు అడిగినప్పుడల్లా మీరు కొత్త అబద్ధం కట్టాలి, ఇప్పటికే వాడు "ఆ అన్నయ్య ఇంటికి వెళ్దామా" అని అడిగాడని రాశారు. ఆ వయసు పిల్లలకి చావంటే తిరిగి రాకపోవడమని తెలుసు. మెత్తగా, తక్కువ మాటల్లో చెబితే అర్థం చేసుకుంటారు. "ఆ అన్నయ్యకి చాలా దెబ్బలు తగిలాయి నాన్నా. మనం చేయగలిగింది చేశాం, డాక్టర్లు కూడా చేశారు. అయినా చనిపోయాడు. నీకు బాధవుతుందని నేను అప్పుడు వేరేగా చెప్పాను. అలా చెప్పకుండా ఉండాల్సింది." ఇంతే. ఆ తర్వాత వాడు మాట్లాడేదాకా ఆగండి. అప్పుడే అడగొచ్చు, రెండు రోజుల తర్వాత స్నానం చేస్తూ అడగొచ్చు.

ఒక్కటి మాత్రం జాగ్రత్త. వాడి కోసం చెయ్యి తీశారన్నది వాడికి ఎప్పుడూ తెలియకూడదు. మీరు చెప్పరని నాకు తెలుసు. కానీ మీ భార్యకి టవల్ సంగతి చెప్పేటప్పుడు వాడు పక్క గదిలో ఉండకుండా చూసుకోండి. పిల్లలు సందు దొరికితే తప్పంతా తమ మీద వేసుకుంటారు. "నేను తలుపు తీశాను కదా" అని వాడే ఎప్పుడైనా అంటే, "నువ్వు భయపడ్డావు, నాన్న కోసం రాబోయావు, అంతే. దానివల్ల ఏమీ కాలేదు" అని వెంటనే చెప్పండి. సందేహించకుండా చెప్పండి. మూడు సెకన్లు చెయ్యి తీసినందుకు ఒక మనిషి ప్రాణం పోదు. ఈ మాట వాడికి చెప్పేటప్పుడు మీ చెవిన కూడా పడితే మంచిది.

చివరగా ఆ అన్న. ఆయన నంబరు ఇంకా మీ ఫోన్‌లో ఉందని, రోజూ ఒకసారి తీసి చూసుకుంటున్నారని రాశారు.

ఆయనకి ఫోన్ చేయకపోతే ఎవరూ మిమ్మల్ని నిలదీయరు. వాళ్లు ఇప్పటికి మీ గురించి అనుకోవడం మానేసి ఉండొచ్చు. వెళ్తే వాళ్లు కోపపడే అవకాశం ఉంది, నాలుగు నెలలు ఏమైపోయారని అడగొచ్చు, మీ చేతులు పట్టుకుని ఏడ్వచ్చు. ఏది జరిగినా ఆ రోజు మీకు తేలిగ్గా ఉండదు. ఇంట్లోకి వెళ్లకుండా ఒక ఉత్తరం రాయడం, లేదా ఆయనతో ఫోన్‌లోనే మాట్లాడటం కూడా ఉంది. నన్నడిగితే ఫోన్ మంచిది, ఎందుకంటే ముందు అడిగింది ఆయనే. కానీ ఎందుకు చేస్తున్నారో తేల్చుకున్నాక చేయండి. "నేను గుడ్డ ఎత్తాను, క్షమించండి" అని చెప్పి మనసు తేలిక చేసుకోవడానికైతే ఇప్పుడే వద్దు. మీరు దించుకున్న బరువు వాళ్ల తలమీద పడుతుంది, తెలిసీ తెలియని ఆ సందేహంతో వాళ్లు ఏళ్ల తరబడి బతకాలి. అలాగని అబద్ధం కూడా వద్దు. ఆయనే ఏం జరిగిందని అడిగితే జరిగింది జరిగినట్టు చెప్పండి.

ఆయనకి కావాల్సింది నాకు తెలిసి వేరే. వార్డు బయట నిలబడ్డ వాళ్లందరూ నన్ను అడిగేది ఒకటే: చివర్లో ఒంటరిగా ఉన్నాడా? నొప్పి పడ్డాడా? ఏమన్నా అన్నాడా? మొదటిదానికి జవాబు మీ దగ్గర మాత్రమే ఉంది. ఇరవై ఐదు నిమిషాలు ఒక మనిషి అతని పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఆరోజు రాంగ్ నంబర్ అన్నది నేనేనండీ. మాట్లాడే ధైర్యం లేక అలా అన్నాను" అని మొదలుపెట్టండి. ఆయన మాట్లాడనిస్తే మాట్లాడండి, పెట్టేస్తే మళ్లీ చేయకండి. "అమ్మకి చెప్పకండి" అన్న ఆ మాట మాత్రం నేరుగా ఆ తల్లికి మోసుకెళ్లకండి. అన్నకి చెప్పండి. తమ్ముడు చెప్పొద్దన్నాడు, అమ్మ గురించే అన్నాడు. ఆవిడకి అది ఎప్పుడు చెప్పాలో, అసలు చెప్పాలో వద్దో, ఇంట్లో ఉన్నవాడు ఆయన, ఆయనకే తెలుస్తుంది.